టిక్కీ వెళ్లిన దారి: గుంటూరు ఉన్నత పాఠశాలలో ప్రపంచ అవగాహన పాఠంపై ఒక కేస్ స్టడీ

గుంటూరు నగర శివారులోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో నేను సాంఘిక శాస్త్రం బోధిస్తున్నాను. 2024-25 విద్యా సంవత్సరంలో ఎనిమిదో తరగతి విద్యార్థులతో, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే వనరులను ఆధారం చేసుకుని, ప్రపంచ అవగాహన అనే అంశాన్ని సుమారు రెండున్నర నెలల పాటు బోధించిన తీరును, అందులో నిలిచినదాన్నీ నిలవనిదాన్నీ ఈ నివేదికలో రాస్తున్నాను. ఇదే పని చేయాలనుకునే తోటి ఉపాధ్యాయులకు వెబ్‌సైట్ల జాబితాకన్నా, ఏ వెబ్‌సైట్ ముందు ఏ పిల్లవాడు ఏ ప్రశ్న అడిగాడన్నది ఎక్కువ ఉపయోగపడుతుందని నా నమ్మకం. అందుకే కొన్ని వనరుల గురించి విస్తారంగా, కొన్నింటి గురించి ఒకటి రెండు వాక్యాల్లో చెబుతున్నాను.

మా బడిలో చదివే పిల్లల్లో ఎక్కువమంది తల్లిదండ్రుల బతుకుదెరువు మిర్చితోనే ముడిపడి ఉంది. తండ్రులు మిర్చి యార్డులో హమాలీలుగానో, కోల్డ్ స్టోరేజీల దగ్గర ఎగుమతి దిగుమతి పనుల్లోనో ఉంటారు. తల్లులు కాయల తొడిమలు తీయడానికీ, తాలు కాయలు ఏరడానికీ రోజు కూలికి వెళతారు. తరగతి గదిలో ఒక ఇంటరాక్టివ్ ప్యానెల్ ఉంది కానీ ఇంటర్నెట్ నిలకడగా ఉండదు. కాబట్టి ఏది చూపించాలన్నా ముందురోజు రాత్రే ఇంట్లో డౌన్‌లోడ్ చేసుకుని పెన్‌డ్రైవ్‌లో తీసుకువెళ్లేదాన్ని. నేరుగా ఇంటర్నెట్‌లో చూపించక తప్పనప్పుడు నా ఫోన్ హాట్‌స్పాట్ వాడాను.

మొదటి ఏడాది పొరపాటు

అంతకుముందు సంవత్సరం ఈ పాఠాన్ని నేను వేరే విధంగా మొదలుపెట్టాను. 2015 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితి సభ్యదేశాలు ఆమోదించిన 17 సుస్థిర అభివృద్ధి లక్ష్యాల పోస్టర్లు గోడకు అంటించి, అదే ఏడాది మొదలైన ‘వరల్డ్స్ లార్జెస్ట్ లెసన్’ అనే కార్యక్రమం వారి వీడియోలు చూపించాను. ఆ వీడియోలు శ్రద్ధగా తయారైనవే. నాలుగో లక్ష్యంలోని 4.7 అంశం ప్రపంచ పౌరసత్వ విద్య గురించే చెబుతుంది. మన 2020 జాతీయ విద్యా విధానం కూడా ఆ మాటను ప్రస్తావించింది. కనుక లక్ష్యాల నుంచి మొదలుపెట్టడం సరైన దారి అనిపించింది.

చివర్లో ‘ప్రపంచం గురించి మీరు ఏం తెలుసుకున్నారు?’ అని రాయమన్నప్పుడు, దాదాపు అన్ని కాగితాల్లోనూ ఒకే వాక్యం అటూఇటుగా కనిపించింది: ‘ఆఫ్రికాలోని పేదలకు మనం సహాయం చేయాలి.’ ఆ వాక్యం రాసిన పిల్లల్లో, తల్లి తొడిమలు తీసిన కూలి డబ్బు సాయంత్రానికి అందితేనే ఇంట్లో కూర వండే కుటుంబాల పిల్లలూ ఉన్నారు. వాళ్ల జాలి నిజమైనదే కాబట్టి ఆ పిల్లలను నేను తప్పుపట్టను. అయితే ఒక మహాఖండాన్ని మొత్తంగా పేదరికానికి మారుపేరుగా, తమను ఆ పటంలో ఎక్కడా లేనివారుగా చూడటం నేర్పింది నా పాఠమే. ఎక్కడో ఉన్న ప్రపంచాన్ని దూరం నుంచి చూపించాను గానీ, దానితో వాళ్లకున్న సంబంధాన్ని చూపించలేదు. పిల్లవాడు ఇంటికి వెళ్లి అమ్మనో నాన్ననో అడిగి సరిచూసుకోగల ప్రశ్న ఒక్కటి కూడా ఆ పాఠంలో లేదు. రెండో ఏడాది ప్రణాళికను ఆ ఒక్క షరతు మీదే కట్టాను: ఏ వనరు తెరిచినా, దాని నుంచి పుట్టే ప్రశ్నలో సగమైనా ఇంట్లో దొరకాలి.

పొయ్యి, పోపుల డబ్బా

మొదట తీసుకున్నది ‘డాలర్ స్ట్రీట్’. స్వీడన్‌కు చెందిన గ్యాప్‌మైండర్ సంస్థలో అన్నా రోస్లింగ్ రోన్‌లుండ్ ఆలోచనతో రూపొంది, 2016లో అందుబాటులోకి వచ్చిన వెబ్‌సైట్ ఇది. వివిధ దేశాల్లోని ఇళ్లకు వెళ్లి, అక్కడి పొయ్యి, మంచం, పళ్లు తోముకునే బ్రష్, మరుగుదొడ్డి వంటి వస్తువులను ఫోటోలు తీసి, ఆ ఇళ్లను దేశాల వారీగా కాకుండా నెలసరి ఆదాయం వారీగా ఒక వీధిలో వరుసగా నిలబెట్టినట్టు అమర్చారు. వీధికి ఒక చివర అతి పేద ఇల్లు, రెండో చివర అతి సంపన్నమైన ఇల్లు. క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఉన్నందున ఆ ఫోటోలను డౌన్‌లోడ్ చేసుకుని తరగతిలో వాడుకోవడానికి ఇబ్బంది లేదు.

నేను ఎనిమిది పొయ్యిల ఫోటోలు ఎంచుకుని, దేశం పేరు కనబడకుండా చేసి, ఏ దేశానివో ఊహించమన్నాను. మూడు రాళ్ల మధ్య కట్టెలు మండుతున్న ఒక ఫోటోను చూసి వెనక బెంచీలోని అమ్మాయి, ‘ఇది మా అమ్మమ్మ వాళ్లూళ్లో నీళ్ల పొయ్యి టీచర్’ అంది. అది బురుండిలోది. గచ్చు గట్టు మీద రెండు బర్నర్ల గ్యాస్ పొయ్యి ఉన్న ఫోటోను అందరూ ఇండియా అన్నారు. అది ఇండియాది కాదు. పెద్ద వంటగది, గోడకు అమర్చిన ఓవెన్ ఉన్న ఫోటోను అమెరికా అని తేల్చేశారు. అది ఆఫ్రికాలోని ఒక సంపన్నుల ఇల్లు. ఆ మూడో ఫోటో దగ్గర తరగతి కాసేపు నిశ్శబ్దమైంది. ‘అయితే అక్కడ కూడా డబ్బున్నోళ్లు ఉంటారా?’ అని ఒక అబ్బాయి అడిగాడు. పొయ్యి ఎలా ఉంటుందన్నది దేశాన్ని బట్టి కాక రాబడిని బట్టి ఉంటుందని వాళ్లే చెప్పేదాకా నేను ఆగాను. దాని కోసం ఆ పీరియడ్ మొత్తం పట్టింది, పట్టనిచ్చాను.

ఈ వనరును వాడే ఉపాధ్యాయులకు ఒక హెచ్చరిక. మీ ఇళ్ల ఫోటోలు కూడా తెచ్చి ఇదే వీధిలో పెడదాం అని అనాలనిపిస్తుంది. నేనూ అనబోయి ఆగాను. ముప్పై మంది ముందు ఒక పిల్ల ఇంటిని ఆదాయం వరుసలో నిలబెట్టడం ఆ పిల్లకు జీవితాంతం గుర్తుండే గాయం కాగలదు. బదులుగా అందరినీ పోపుల డబ్బా ఫోటో తీసుకురమ్మన్నాను. ఫోన్ లేని ఇళ్ల పిల్లలు బొమ్మ గీశారు. స్టీలు డబ్బా కావచ్చు, పాత హార్లిక్స్ సీసాలు కావచ్చు, ఆవాలు, జీలకర్ర, మెంతులు, ఎండుమిరపకాయలు ప్రతి ఇంట్లోనూ ఉన్నాయి, ఎవరూ తలదించుకోవలసిన అవసరం రాలేదు. ఆ పోపుల డబ్బాలోని ఎండుమిరపకాయే మిగతా పాఠానికంతటికీ దారి చూపింది.

ఇదే రోజుల్లో ‘ది ట్రూ సైజ్’ అనే వెబ్‌సైట్‌ను ఒక పీరియడ్ చూపించాను. 1569లో మెర్కేటర్ గీసిన పద్ధతిలో ఉన్న గోడ పటంలో గ్రీన్‌లాండ్, ఆఫ్రికా ఇంచుమించు సమానంగా కనిపిస్తాయి. నిజానికి ఆఫ్రికా వైశాల్యం గ్రీన్‌లాండ్‌కు 14 రెట్లు. ఈ వెబ్‌సైట్‌లో భారతదేశాన్ని వేలితో లాగి ఉత్తరాన రష్యా మీదికి తీసుకుపోతే, అది ఎంతగా ఉబ్బిపోతుందో పిల్లలు కళ్లారా చూస్తారు. పావుగంటలో తెలిసిపోయే విషయం ఇది, దానికి అంతకన్నా ఎక్కువ సమయం ఇవ్వనవసరం లేదు.

0904

ఫిబ్రవరిలో, సీజను ఊపందుకున్నాక, తల్లిదండ్రుల అనుమతితో పిల్లలను మిర్చి యార్డుకు తీసుకువెళ్లాను. లోపలికి అడుగుపెట్టగానే ఘాటుకు నాకు దగ్గు ఆగలేదు. పిల్లల్లో చాలామందికి మాత్రం ఏమీ పట్టలేదు. ‘అలవాటే టీచర్’ అని నాకు మంచినీళ్ల సీసా అందించారు. తేజ, బాడిగ, 334 రకాలను రంగును బట్టి, ముడతను బట్టి పేరు చెప్పగలిగిన పిల్లలు నా తరగతిలో ఆరేడుగురున్నారు. నేను చెప్పలేను. ఆ రోజు వాళ్లు నాకు పాఠం చెప్పారు. తరువాతి వారాలన్నింటిలోనూ తరగతి గది వాతావరణం మారడానికి అది ఒక కారణమని నా అభిప్రాయం.

అక్కడే ఒక మాట తేడా బయటపడింది. ‘దిగుమతి’ అంటే మా పిల్లలకు లారీ మీది నుంచి టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, కిందికి దించడం, ‘ఎగుమతి’ అంటే లారీకి ఎత్తడం. పాఠ్యపుస్తకంలోని ఎగుమతులు, దిగుమతులు అన్న అధ్యాయాన్ని వాళ్లు ఏళ్లుగా చదువుతున్నా, ఈ రెండూ ఒకే మాటలని ఎవరికీ తట్టలేదు. ఓడకు ఎత్తడమూ లారీకి ఎత్తడమూ ఒకే క్రియ అని తెలిసిన క్షణంలో, ‘అయితే మా నాన్న ఎగుమతిదారుడేనా?’ అని ఒక అబ్బాయి అడిగాడు. కాదని చెప్పడానికి, ఎందుకు కాదో చెప్పడానికి, సరుకు సొంతదారు ఎవరు, మోసేవారు ఎవరు, లాభనష్టాలు ఎవరివి అన్న చర్చ అవసరమైంది. ఆ చర్చ పాఠ్య ప్రణాళికలో లేదు గానీ, ఉండవలసిందే.

బడికి తిరిగి వచ్చాక, ‘మన టిక్కీ ఎక్కడికి పోతుంది?’ అన్న ప్రశ్నతో ‘అబ్జర్వేటరీ ఆఫ్ ఎకనామిక్ కాంప్లెక్సిటీ’ అనే వెబ్‌సైట్ తెరిచాం. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఈ వేదిక ఏ దేశం ఏ సరుకును ఏ దేశానికి అమ్మిందో రంగుల గడులుగా చూపిస్తుంది. సరుకును పేరుతోనే కాక, సంఖ్యతో కూడా వెతకవచ్చు. ప్రపంచ కస్టమ్స్ సంస్థ తయారు చేయగా 1988 నుంచి అమలులో ఉన్న ఒక పద్ధతి ప్రకారం, ఓడరేవు దాటే ప్రతి సరుకుకూ ఆరంకెల సంఖ్య ఉంటుంది. ఆ పద్ధతిలో 09 అంటే కాఫీ, తేయాకు, సుగంధ ద్రవ్యాలు. మిర్చి కోసం వెతికితే 0904 కనబడింది.

ఆ సంఖ్య కింద ఎగుమతి చేసే దేశాల పట్టీలో కొన్ని సంవత్సరాలకు వియత్నాం మనకన్నా పైన ఉంది. ముందు బెంచీ అబ్బాయి ఒకడు దాన్ని నమ్మలేదు. ‘వియత్నాం వాళ్లు మన దగ్గరే కాయలు కొంటారంట, మా నాన్న చెప్పాడు. మరి మనకన్నా ఎక్కువ ఎట్లా అమ్ముతారు టీచర్?’ అని నిలదీశాడు. నాకు జవాబు తెలియదు. తెలియదని చెప్పి, రేపటికి అందరం వెతుకుదామన్నాను. మరునాడు ఆ సంఖ్య కింద రాసి ఉన్న ఆంగ్ల వివరణను బోర్డు మీద రాసి మాటమాటకూ తెలుగు చేశాం. 0904 అంటే మిర్చి ఒక్కటే కాదు, మిరియాలు కూడా. ప్రపంచంలో మిరియాలు అత్యధికంగా ఎగుమతి చేసే దేశం వియత్నాం. నాలుగంకెల దగ్గర ఆగితే మిరియమూ మిరపా ఒకే గంపలో ఉంటాయి. ఆరంకెల దాకా వెళ్లి 090421 అని కొడితే మిరియాలు తప్పుకుని పొడి చేయని ఎండుమిర్చి వస్తుంది, అక్కడ భారతదేశానిదే మొదటి స్థానం. పొడి కొట్టిన కారానికి 090422. పాత సంవత్సరాలు చూసిన ఒక అమ్మాయికి ఈ రెండూ కనబడలేదు. 2012 సవరణకు ముందు రెండింటికీ కలిపి 090420 అనే ఒకే సంఖ్య ఉండేదని తెలుసుకోవడానికి మరో రోజు పట్టింది.

ఒక పిల్లవాడు తండ్రి చెప్పిన మాటను గీటురాయిగా పెట్టుకుని, అంతర్జాతీయ గణాంకాల పట్టీని ప్రశ్నించి, అది తప్పు కాదనీ తాము చదవడంలోనే తేడా ఉందనీ తేల్చుకున్నాడు. ఈ రెండున్నర నెలల్లో నాకు అన్నిటికన్నా సంతృప్తినిచ్చిన సంఘటన ఇదే. డేటాను గౌరవించడమూ, అనుమానించడమూ ఒకేసారి నేర్పడం పెద్దలకే కష్టం.

మిరియమూ మిరపా ఒకే గంపలో ఎందుకున్నాయన్న ప్రశ్న చరిత్రలోకి తీసుకుపోయింది. మిరప మన నేలలో పుట్టినది కాదు. దాని పుట్టిల్లు అమెరికా ఖండాలు. 1492లో కొలంబస్ బయలుదేరినప్పుడు యూరప్‌వాళ్లు వెతుకుతున్న సరుకుల్లో మిరియాలు ముఖ్యమైనవి. అక్కడ దొరికిన మరో ఘాటైన కాయకూ ఆ పేరే అంటుకుంది. పోర్చుగీసు ఓడల్లో అది మన తీరానికి చేరింది 16వ శతాబ్దంలో. తెలుగువాళ్లు కూడా తమకు అప్పటికే తెలిసిన మిరియం పేరు మీదే దాన్ని మిరపకాయ అన్నారు. ‘మిర్చి లేని గుంటూరు ఉండేదా?’ అన్న ఆశ్చర్యం పిల్లల ముఖాల్లో చాలాసేపు నిలిచింది. ఇంటికి వెళ్లి ‘మన మిరపకాయ మనది కాదంట’ అంటే నాయనమ్మ చీవాట్లు పెట్టిందని ఒక అమ్మాయి మరునాడు చెప్పింది. మన పచ్చళ్లలో, మన రైతు చేతిలో అయిదు వందల ఏళ్లు బతికింది మనది ఎందుకు కాకుండా పోతుందని నేను అన్నాను. రెండూ నిజమేనని ఆ అమ్మాయి నోటు పుస్తకంలో రాసుకుంది.

చైనా మన తేజ రకాన్ని ఎందుకు కొంటుందన్న ప్రశ్నకు జవాబు ఇళ్ల నుంచే వచ్చింది. తేజలో కారం గాఢత ఎక్కువ, దాని నుంచి రసాయన పద్ధతిలో కారపు సారం తీస్తారు అని కోల్డ్ స్టోరేజీలో గుమాస్తాగా పనిచేసే ఒక తండ్రి చెప్పి పంపారు. 2020 ఫిబ్రవరిలో, మన దగ్గర లాక్‌డౌన్ రాకముందే, చైనాలో కరోనా కారణంగా కొనుగోళ్లు మందగించి యార్డులో తేజ ధర పడిపోయిన సంగతి కూడా ఆయనే గుర్తుచేశారు. ప్రపంచీకరణ అన్న మాటకు పాఠ్యపుస్తకం ఇచ్చిన నిర్వచనాన్ని పిల్లలు ఏనాడూ సరిగా అప్పజెప్పలేదు గానీ, ఈ సంఘటనను తమ మాటల్లో చెప్పలేని పిల్లవాడు తరగతిలో ఒక్కడూ లేడు.

ఏప్రిల్ 2, మధ్యాహ్నం

ఉపాధ్యాయుల అంతర్జాతీయ వేదికల ద్వారా స్పెయిన్‌లోని ఒక పాఠశాల ఉపాధ్యాయురాలితో నాకు పరిచయం కలిగింది. ఈ తరహా వేదికల్లో 1988 నుంచి నడుస్తున్న ఐఎర్న్ వంటివి చాలా పాతవి, నమ్మదగినవి. మార్చి మొదటి వారంలో ఇద్దరం మాట్లాడుకుని, ఏప్రిల్ 2న, వారి గడియారం ప్రకారం ఉదయం 9 గంటలకు, అంటే మనకు మధ్యాహ్నం 1:30కు వీడియో కాల్ పెట్టుకున్నాం. పిల్లల ముఖాలు దగ్గరగా చూపకూడదనీ, ఇంటి చిరునామాలు, ఫోన్ నంబర్లు చెప్పుకోకూడదనీ, రికార్డు చేయకూడదనీ ఇద్దరం ముందే రాతపూర్వకంగా ఒప్పుకున్నాం. ఇది ఎవరూ వదిలేయకూడని పని.

అప్పటికి ఒంటిపూట బడులు నడుస్తున్నాయి. 12:30కు బడి వదిలాక పిల్లలు ఇంటికి వెళ్లి అన్నం తిని, మండుటెండలో మళ్లీ వచ్చారు. ఇద్దరు ఆడపిల్లలు పండగకు కుట్టించుకున్న కొత్త గౌన్లు వేసుకుని వచ్చారు. 1:30కు కాల్ కలిపితే అవతల ఎవరూ లేరు. పావుగంట, అరగంట చూశాం. అప్పుడు నా ఫోన్‌లో గంట కిందటి నుంచీ చూడని సందేశాలు కనిపించాయి. వాళ్లు 12:30కే వచ్చి, అరగంట మా కోసం ఎదురుచూసి, తరువాతి పీరియడ్‌కు వెళ్లిపోయారు.

పొరపాటు పూర్తిగా నాది. యూరప్‌లో మార్చి చివరి ఆదివారం గడియారాలను ఒక గంట ముందుకు జరుపుతారు. 2025లో ఆ ఆదివారం మార్చి 30, సరిగ్గా మన ఉగాది. అంతకుముందు స్పెయిన్‌కు మనకు నాలుగున్నర గంటల తేడా, ఆ రోజు నుంచి మూడున్నర గంటలు. నేను పాత లెక్కే నమ్ముకున్నాను. ఎండలో వచ్చిన పిల్లల ముందు నిలబడి ఆ మాట చెప్పడం చాలా బాధ కలిగించింది. అయితే వాళ్లు ఇంటికి పోలేదు. ‘గడియారం జరిపితే పొద్దు జరుగుతుందా?’ అని అడిగారు. ఇండియా మొత్తానికీ ఒకే సమయం ఎందుకు, 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మన రాష్ట్రం మీదుగా కూడా ఎందుకు వెళుతుంది, అక్షాంశం పెరిగిన కొద్దీ వేసవి పగలు ఎందుకు పొడవవుతుంది అన్న చర్చ ఆ మధ్యాహ్నమంతా సాగింది. ఆరో తరగతి నుంచీ చదివిన రేఖాంశాలు అప్పుడు వాళ్లకు అవసరమైన వస్తువులుగా కనిపించాయి.

ఏప్రిల్ 9న కాల్ కుదిరింది. మా పిల్లలు పోపుల డబ్బాల ఫోటోలు చూపించారు. అవతలివారు ఒక చిన్న రేకు డబ్బాలో ఎర్రటి పొడి చూపించారు. ఎండబెట్టిన మిరపను పొడి చేసి వాళ్లు నిత్యం వంటల్లో వాడతారు. వాళ్ల భాషలో మిరియాన్ని ‘పిమియెంతా’ అంటారనీ, మిరపను ‘పిమియెంతో’ అంటారనీ అక్కడి అబ్బాయి చెప్పగానే, మా ముందు బెంచీ అబ్బాయి లేచి నిలబడి ‘మిరియం, మిరప!’ అని గట్టిగా అరిచాడు. దాన్ని ఆంగ్లంలో వివరించడానికి నాకు రెండు నిమిషాలు పట్టింది. రెండు వైపులా పిల్లలు నవ్వారు. అదే నవ్వులో 0904 సంగతి కూడా చెప్పేశాం.

తరువాత వచ్చిన మాటలు అంత తేలికైనవి కావు. 2024 అక్టోబరు చివర్లో స్పెయిన్‌లోని వాలెన్సియా ప్రాంతాన్ని ముంచిన వరదల వీడియోలు మా పిల్లలు ఫోన్లలో చూశారు. వాటి గురించి అడిగారు, వాళ్లు చెప్పారు. మా పిల్లలు ‘మాకు కూడా వచ్చింది’ అన్నారు. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు వాగుకు గండ్లు పడి విజయవాడలో సింగ్ నగర్ పరిసరాలు నీట మునిగినప్పుడు, మా తరగతిలో ఇద్దరి బంధువులు మేడల మీద చిక్కుకుపోయి ఉన్నారు. అవతలి పిల్లల్లో ఆ వరద పేరు విన్నవారు ఎవరూ లేరు. వాళ్లు మర్యాదగా, నిజమైన శ్రద్ధతో విన్నారు. కానీ వాళ్ల ఊరు మనకు తెలిసినంతగా మన ఊరు వాళ్లకు తెలియదన్న సంగతి మా పిల్లలకు ఆ క్షణంలో అర్థమైంది, నొప్పి కూడా కలిగింది.

ప్రపంచ అవగాహన పేరిట దొరికే ఇంటర్నెట్ వనరులన్నింటి మీదా నాకున్న అసలు ఫిర్యాదు ఇదే. వాటిలో చూసేవారు ఒకవైపు, చూడబడేవారు ఒకవైపు ఉంటారు. మన పిల్లలు ఎక్కువగా ప్రేక్షకులు, లేదా ఎవరి పాఠంలోనో ఫోటోలు. అందుకే ఆ వారం మిగతా పీరియడ్లన్నీ ఒకే పనికి ఇచ్చాను: స్పెయిన్ పిల్లల కోసం బుడమేరు గురించి ఒక పేజీ రాయడం. ముందు తెలుగులో రాశారు. బుడమేరు అంటే ఏమిటి, మామూలు రోజుల్లో ఎంత చిన్నగా ఉంటుంది, కాలువ కట్టలకు గండ్లు ఎక్కడ పడ్డాయి, అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు ఎందుకు వదలవలసి వచ్చింది అన్నవి. వాట్సాప్‌లో తిరిగిన వీడియోల్లో వేరే ఊళ్లవి ఉన్నాయేమోనని ఒక జట్టు సరిచూసింది. క్యూసెక్కు అంటే స్పెయిన్‌లో ఎవరికీ తెలియదు కాబట్టి సెకనుకు ఘనపు మీటర్లలోకి మార్చారు. ఒక క్యూసెక్కు అంటే సెకనుకు సుమారు 28.3 లీటర్లు. 11 లక్షల క్యూసెక్కులంటే సెకనుకు 31 వేల ఘనపు మీటర్లకు పైగా. ఆ లెక్క గణితం మాస్టారు దగ్గర కూర్చుని చేశారు. ఆంగ్లంలోకి మార్చడానికి మొదట అనువాద యంత్రాన్ని వాడి, తరువాత మా ఆంగ్ల ఉపాధ్యాయురాలితో కలిసి దిద్దారు. పేజీ చివర, మేడ మీద రెండు రోజులు గడిపిన పిన్ని చెప్పిన మాటలు ఒక అమ్మాయి తన పేరు లేకుండా రాసింది: పాలు లేక పసివాడికి బియ్యం కడుగు కాచి పట్టారని.

ఫలితాలు, లోపాలు

ఏడాది చివర మళ్లీ ‘ప్రపంచం గురించి ఏం తెలుసుకున్నారు?’ అన్న ప్రశ్నే ఇచ్చాను. ఈసారి రెండు కాగితాలు ఒకేలా లేవు. చైనా గురించి రాసినవారు ఉన్నారు, గడియారాల గురించి రాసినవారు ఉన్నారు. ‘ఆరంకెలు చూడాలి’ అని ఒక అబ్బాయి అర పేజీ రాశాడు. ఆఫ్రికా గురించి రాసినవారు ఒక్కో ఇంటి గురించి రాశారు. దీన్ని శాస్త్రీయమైన మూల్యాంకనం అని నేను చెప్పను. ఒకే తరగతి, ఒకే ఉపాధ్యాయురాలు, పోల్చడానికి వేరే జట్టు లేదు. కాగితాలు మాత్రం నా దగ్గర భద్రంగా ఉన్నాయి. చదవాలనుకునే సహోద్యోగులకు పేర్లు తీసేసి చూపిస్తాను.

వనరుల భాష ఇప్పటికీ పెద్ద అడ్డంకి. డాలర్ స్ట్రీట్‌లో ఫోటోలే మాట్లాడతాయి కాబట్టి నెట్టుకొచ్చాం. ‘అవర్ వరల్డ్ ఇన్ డేటా’ వంటి చక్కని వెబ్‌సైట్లలో గ్రాఫులకు తెలుగు శీర్షికలు నేనే రాసి ముద్రించుకున్నాను. ఒక్కో గ్రాఫుకు అరగంట పడుతుంది. పది మంది ఉపాధ్యాయులు ఒక్కొక్కరు అయిదు గ్రాఫులు తెలుగు చేసి పంచుకుంటే ఒక ఏడాదికి సరిపోతాయి. ఆ పనికి నేను సిద్ధంగా ఉన్నాను.

నన్ను ఎక్కువగా కలచివేసేది వేరే లోపం. ఫిబ్రవరి, మార్చి నెలల్లో మిరపకోతలు జోరుగా ఉంటాయి. కోతలకు ఊళ్లు తిరిగే కుటుంబాలతో పాటు వాళ్ల పిల్లలూ వెళ్లిపోతారు. యార్డుకు వెళ్లిన రోజున నా హాజరు పట్టీలో నలుగురు పిల్లల పేర్ల ఎదుట వరుసగా గైర్హాజరు పడి ఉంది. మిర్చి గురించి అందరికన్నా ఎక్కువ చెప్పగలిగిన ఆ నలుగురూ, మిర్చి గురించి పాఠం జరుగుతున్నప్పుడు చేలో కాయలు కోస్తున్నారు. యార్డు కళకళలాడుతున్న సమయం చూసుకుని పాఠం పెట్టిన నాకు ఆ సంగతి అప్పుడు తట్టలేదు.

ఈ ఏడాది పాఠాన్ని ఆగస్టులో, మిరప నారు నాటే రోజుల్లో మొదలుపెడుతున్నాను. యార్డు అప్పుడు పలచగా ఉంటుంది కానీ కోల్డ్ స్టోరేజీల్లో నిల్వ టిక్కీలు ఉంటాయి, గుమాస్తాగా పనిచేసే తండ్రి చూపిస్తానన్నారు. స్పెయిన్ ఉపాధ్యాయురాలికి సెప్టెంబరు చివరి వారానికి సమయం రాశాను. ఈసారి రెండు దేశాల గడియారాలూ పక్కపక్కన వేసి, అక్టోబరు చివరి ఆదివారం వాళ్ల గడియారం మళ్లీ వెనక్కు జరుగుతుందని కింద రాసి పంపాను. నలుగురిలో ముగ్గురు పిల్లలు జూన్‌లో బడికి తిరిగి వచ్చారు. నాలుగో అబ్బాయి ఇంటికి వచ్చే ఆదివారం వెళుతున్నాను.